మురుగునీరు ఎక్కడికి పోతుంది, ఎలా శుభ్రమవుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, కాలనీ మీటింగుల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్‌వే ఉంటాయి. మిగతా ఊళ్ళలో పైపుల సైజు మారుతుందేమో గానీ కథ మాత్రం దాదాపు అదే.

మురుగునీరు అంటే టాయిలెట్ నీళ్ళేనా?

కాదు. స్నానం నీళ్ళు, బట్టలు ఉతికిన నీళ్ళు, అంట్లు తోమినవి, ఇల్లు తుడిచి పారబోసినవి, హోటళ్ళవి, హాస్పిటళ్ళవి, బండ్లు కడిగే షాపులవి, అన్నీ కలిసి ఒకే పైపులో పోతాయి. అందులో మలమూత్రాలతో కలిసిన నీటిని నల్లనీరని, స్నానం, ఉతుకుడు నీటిని బూడిదనీరని విడిగా లెక్కేస్తారు. బూడిదనీటిని శుభ్రం చేయడం చాలా తేలిక. కానీ మన ఇళ్ళలో రెండింటికీ ఒకే పైపు వేసి కలిపేస్తాం కాబట్టి తేలిక పని కూడా కష్టం అయిపోతుంది.

ఒక ఇంటి నుంచి రోజుకి ఎంత వస్తుంది?

డ్రైనేజీ ఉన్న ఊళ్ళకి మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్ళు కావాలని ప్రభుత్వ లెక్క. వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది, అంటే మనిషికి 108 లీటర్లు. నలుగురున్న ఇంటి నుంచి రోజూ నాలుగు వందల లీటర్ల పైమాటే.

అందులో మురికి ఎంత ఉంటుంది?

ఇది విని చాలామంది నమ్మరు. మురుగునీటిలో 99.9 శాతం మామూలు నీళ్ళే. లీటరుకి గ్రాము అటూఇటూగా ఉండే ఆ మిగతా భాగమే అంత కంపు కొడుతుంది, నదిని చంపుతుంది, టైఫాయిడ్, కలరా తెస్తుంది. శుద్ధి అంటే ఆ గ్రామును నీటిలోంచి బయటికి లాగడమే.

నదిలో కలిపేస్తే నదే శుభ్రం చేసుకోదా? పాతకాలంలో అలాగే చేసేవారుగా?

చేసుకుంటుంది, కొంతవరకు. నీటిలో ఉండే బ్యాక్టీరియా ఈ మురికిని తింటుంది, తినేటప్పుడు నీటిలో కరిగిన ఆక్సిజన్ వాడుకుంటుంది. మురికిని తినడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్కే బీఓడీ, ఏ మురుగు శుద్ధి ప్లాంటు రిపోర్టులోనైనా మొదట చూడాల్సిన అంకె అదే. మామూలు ఇంటి మురుగులో బీఓడీ లీటరుకి 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. మన వాతావరణంలో శుభ్రమైన నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ లీటరుకి 8 మిల్లీగ్రాములు. ఇప్పుడు మీరే భాగించండి: ఒక లీటరు మురుగు దాదాపు ముప్ఫై లీటర్ల మంచి నీటిలోని ఆక్సిజన్ మొత్తాన్ని మింగేయగలదు.

ఊరు చిన్నదై, నదిలో నీళ్ళు నిండుగా పారుతుంటే సరిపోయేది. మూసీ సంగతి చూడండి. పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టాక ఎండాకాలంలో నగరంలోకి నది నీరంటూ పెద్దగా రాదు. మనం బ్రిడ్జి మీద నుంచి చూసి మూసీ పారుతోందనుకునేది చాలావరకు మన బాత్‌రూమ్ నీళ్ళే. కలపడానికి మంచి నీరే లేనప్పుడు నది దేన్ని శుభ్రం చేస్తుంది? ఆక్సిజన్ అయిపోయాక వేరే రకం బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది, అది వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసుదే ఆ కుళ్ళిన గుడ్ల వాసన. నాలా పక్కన ఇళ్ళలో వెండి పట్టీలు నల్లబడటం, ఏసీ కాయిల్స్ తొందరగా పాడవడం కూడా దాని పనే.

ప్లాంటులో అసలు ఏం చేస్తారు? కెమికల్స్ పోస్తారా?

కెమికల్స్ పాత్ర చాలా తక్కువ. అసలు పని చేసేది బ్యాక్టీరియా. నదిలో రోజుల తరబడి జరిగేదాన్ని ట్యాంకులో కొన్ని గంటల్లో జరిగేలా చేస్తారు, అంతే.

ముందు జల్లెడ. ఇనుప ఊచల మధ్య నుంచి నీళ్ళు పోతాయి, మిగతావి ఆగిపోతాయి. అక్కడ ఏం ఆగుతాయో ఒక్కసారి చూస్తే ఇంకెప్పుడూ ఫ్లష్‌లో చెత్త వేయబుద్ధి కాదు: షాంపూ సాచెట్లు, ప్యాడ్లు, పిల్లల డైపర్లు, తడి వైప్స్, పాల ప్యాకెట్లు, పాత గుడ్డలు, పూజ పూలు. తర్వాత నీటి వేగం తగ్గించి ఇసుక, మట్టి, గుడ్డు పెంకుల్లాంటి బరువైనవి కిందికి దిగేలా చేస్తారు. ఇక్కడ ఇసుక తీయకపోతే ముందున్న పంపులు అరిగిపోతాయి. కొన్ని ప్లాంట్లలో ఆ తర్వాత ఇంకో పెద్ద ట్యాంకులో రెండు మూడు గంటలు నీటిని కదలకుండా ఉంచి మడ్డి దించుతారు.

ఇక అసలు ఘట్టం గాలి కొట్టే ట్యాంకు. బ్లోయర్లతో అడుగు నుంచి గాలి పంపుతుంటే నీళ్ళు కుతకుతలాడుతూ ఉంటాయి, గాలి అందిన బ్యాక్టీరియా మురికిని తిని లక్షల కోట్లలో పెరుగుతుంది, ఒకదానికొకటి అంటుకుని గోధుమ రంగు ముద్దలుగా తయారవుతుంది. ఈ నీటిని పక్క ట్యాంకులో ఆపితే ముద్దలు కిందికి దిగి పైన తేటనీరు మిగులుతుంది. దిగిన మడ్డిలో కొంత మళ్ళీ గాలి ట్యాంకులోకే పంపుతారు. పెరుగుకి తోడు పెట్టడం లాంటిదే ఇది, నిన్నటిది కొంచెం దాచకపోతే రేపు తోడుకోదు. ఇంగ్లాండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు 1914లో ఈ పద్ధతిని బయటపెట్టారు. ప్రపంచంలోని పెద్ద ఊళ్ళు ఈ రోజుకీ దాని మీదే నడుస్తున్నాయి.

తేటనీటికి చివరలో క్లోరిన్ వేసో, యూవీ కాంతి పెట్టో క్రిములను చంపుతారు. కావాలంటే ఇసుక ఫిల్టరు కూడా పెడతారు. మిగిలిపోయిన మడ్డిని మూసిన ట్యాంకుల్లో కుళ్ళబెడితే మీథేన్ గ్యాస్ వస్తుంది, దానితో కరెంటు తీయొచ్చు. ఆరబెట్టిన మడ్డి ఎరువుగా పనికొస్తుంది, అందులో భారలోహాలు లేవని టెస్టు చేయించాకే సుమా.

ఎస్‌బీఆర్, యూఏఎస్‌బీ, ఎంబీబీఆర్ అంటారు, ఏది మంచిది?

ఇవన్నీ శుద్ధి ప్లాంట్లలో రకాలు. ఎస్‌బీఆర్‌లో అన్నీ ఒకే ట్యాంకులో వంతులవారీగా జరుగుతాయి: నింపడం, గాలి కొట్టడం, ఆపి తేరనివ్వడం, పైనున్న తేటనీటిని తీసేయడం. స్థలం తక్కువ పడుతుంది, నీటి నాణ్యత బాగుంటుంది, కానీ ఆటోమేషన్ చెడిపోతే చేతులెత్తేయాలి. యూఏఎస్‌బీలో గాలే ఉండదు, మురుగు కింది నుంచి పైకి బురద దుప్పటి గుండా వెళ్తుంది, గాలి అక్కర్లేని బ్యాక్టీరియా దాన్ని తిని మీథేన్ ఇస్తుంది. కరెంటు ఖర్చు చాలా తక్కువ. అయితే బయటికొచ్చే నీరు అంత శుభ్రంగా ఉండదు, ఇంకో దశ తప్పనిసరి. అంబర్‌పేటలోని 339 ఎంఎల్‌డీ పాత ప్లాంటు ఈ రకమే. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకి పది లక్షల లీటర్లు. ఎంబీబీఆర్‌లో చిన్న చిన్న ప్లాస్టిక్ చక్రాలు నీటిలో తేలుతుంటాయి, వాటికి బ్యాక్టీరియా పాచిలా పట్టుకుంటుంది. అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

నా మాట వింటారా, ఏ టెక్నాలజీ అన్నది రెండో ప్రశ్న. రోజూ నడుపుతున్నారా లేదా అన్నది మొదటిది.

హైదరాబాద్ పరిస్థితి ఏంటి?

1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చి వేలమంది చనిపోయాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. జంట జలాశయాలతో పాటు నగరానికి భూగర్భ డ్రైనేజీ కూడా ఉండాలని ఆయన చెప్పారు, ఆ తర్వాత దశాబ్దాల్లో పైపులు వేశారు. అప్పటి నగరంలో ఉన్న జనం ఇప్పుడు ఒక్క కూకట్‌పల్లి చుట్టుపక్కలే ఉంటారేమో.

2021 నాటి ప్రభుత్వ లెక్కల్లో నగరం నుంచి రోజుకి సుమారు 1,650 ఎంఎల్‌డీ మురుగు వస్తుంటే, అప్పటికున్న 25 ప్లాంట్ల సామర్థ్యం 772 ఎంఎల్‌డీ. సగానికంటే తక్కువ. ఆ ఏడాదే 3,866 కోట్లతో మరో 31 ప్లాంట్లకి, మొత్తం 1,259.5 ఎంఎల్‌డీకి అనుమతిచ్చారు. 2023 జులైలో కోకాపేటలో 15 ఎంఎల్‌డీ ప్లాంటు మొదలైంది, అక్కడి నుంచి మిగతావి ఒక్కొక్కటిగా వస్తున్నాయి. ఈ కొత్తవాటిలో అన్నిటికంటే పెద్దది నాగోల్‌లోని 320 ఎంఎల్‌డీది.

అయితే ఇక మూసీ శుభ్రమైనట్టేనా?

కాగితం మీద సామర్థ్యం వేరు, ప్లాంటులోకి నిజంగా వచ్చే నీరు వేరు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020–21 లెక్క చూడండి: దేశంలోని పట్టణాల నుంచి రోజుకి 72,368 ఎంఎల్‌డీ మురుగు వస్తుంటే, కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841, నిజంగా శుద్ధి అయ్యింది 20,236. అంటే వంద బకెట్లలో ఇరవై ఎనిమిది. కట్టిన ప్లాంట్లు కూడా పూర్తిగా నిండట్లేదన్నమాట.

ఎందుకంటే ప్లాంటుకి రిబ్బన్ కత్తిరిస్తారు, ఇంటి నుంచి ప్లాంటు దాకా పోయే పైపుకి ఎవరూ కత్తిరించరు. కొత్త కాలనీల్లో పైపులైనే ఉండదు. ఉన్నచోట ఇళ్ళవాళ్ళు కనెక్షన్ తీసుకోకుండా వెనక ఉన్న నాలాలోకే వదిలేస్తారు. ఎవరైనా మంత్రిగారు ఫలానా చోట ఇన్ని ఎంఎల్‌డీల ప్లాంటు అని ప్రకటించినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: నిన్న ఎన్ని ఎంఎల్‌డీలు వచ్చాయి, బయటికెళ్ళిన నీటి బీఓడీ ఎంత? ఆ బీఓడీ లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది. విజయవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్య నుంచే పోతాయి. కింద డెల్టా ఊళ్ళు ఆ కాలువ నీళ్ళే నింపుకుంటాయి, అక్కడా ఇదే ప్రశ్న వేయాలి.

ఫ్యాక్టరీల నీళ్ళు కూడా ఇందులోకే వస్తాయా?

రాకూడదు, విడిగా శుద్ధి చేయాలి. ఇంటి మురుగు బ్యాక్టీరియాకి భోజనం. మందుల ఫ్యాక్టరీ నీరు అలా కాదు, దాన్ని చంపడానికే తయారైన పదార్థాలు అందులో ఉండొచ్చు. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల నీటిని తీసుకునే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి అయ్యాక వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా రేపు మనకి జబ్బు చేస్తే ఏ మందూ పనిచేయకపోవచ్చు. ఆ అధ్యయనం తర్వాతే ఈ విషయం మీద ప్రపంచమంతా మాట్లాడటం మొదలుపెట్టింది.

చెరువుల మీద తెల్ల నురగ ఎందుకొస్తుంది?

సబ్బు, డిటర్జెంట్. శుద్ధి కాని మురుగులో ఇవి పేరుకుంటాయి, వాన పడి అలుగు నుంచి నీళ్ళు గట్టిగా దూకినప్పుడు నురగ కడుతుంది. కూకట్‌పల్లి దగ్గర ధరణి నగర్‌లో భారీ వానలకి వీధుల్లోకే వచ్చేసింది. దాంట్లో ఆడుకోవడానికి పిల్లల్ని పంపకండి, ఫోటోకి బాగుంటుందేమో గానీ అది పక్కా మురుగు.

మా కాలనీకి డ్రైనేజీ లేదు, సెప్టిక్ ట్యాంకే దిక్కు. అది చాలదా?

సరిగ్గా కడితే, సరిగ్గా వాడితే చెడ్డదేం కాదు. మడ్డి అడుగుకి దిగుతుంది, జిడ్డు పైకి తేలుతుంది, మధ్యలో నీరు బయటికి పోతుంది. కానీ గుర్తుపెట్టుకోండి, ఆ బయటికి పోయే నీరు శుభ్రమైంది కాదు, బీఓడీలో సగమైనా తగ్గి ఉండదు. అది ఇంకుడు గుంతలోకి వెళ్ళి మట్టిలో వడకట్టుకోవాలి. మనవాళ్ళు ఖర్చెందుకని ఆ పైపుని వీధి కాలువలోకి పెట్టేస్తారు. ఇంకొందరు బోరు పక్కనే గుంత తవ్వుతారు. బోరుకీ గుంతకీ మధ్య కనీసం 15 నుంచి 20 మీటర్లు ఉండాలి.

రెండు మూడేళ్ళకోసారి ట్యాంకు ఖాళీ చేయించాలి. "మాది పదిహేనేళ్ళుగా నిండలేదు" అని గొప్పగా చెప్పుకునేవాళ్ళని చూస్తుంటాం. అంటే అడుగున సిమెంటు చేయలేదని, లేదా మడ్డి అలాగే బయటికి పోతోందని అర్థం. సెప్టిక్ ట్యాంకు బండివాడు తీసుకెళ్ళింది ఎక్కడ పోస్తున్నాడో కూడా అడగండి. ఊరి బయట చెరువులో, ఖాళీ ప్లాటులో పోస్తే మీరు డబ్బులిచ్చి మరీ కాలుష్యం కొన్నట్టు. వరంగల్‌లో ఈ బండ్లకి 2016లోనే నిబంధనలు పెట్టి, ఆ మడ్డి శుద్ధికి విడిగా ప్లాంటు కట్టారు.

ట్యాంకులో ఈస్ట్, ఉప్పు, ఆన్‌లైన్‌లో దొరికే పొడులు వేయాలా?

అక్కర్లేదు. కావాల్సిన బ్యాక్టీరియా మనమే రోజూ ఉచితంగా పంపిస్తున్నాం.

నిండితే మనిషిని దింపి శుభ్రం చేయిస్తామంటున్నారు, పర్లేదా?

పర్లేదనే ప్రసక్తే లేదు, అది నేరం. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్లోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపకూడదు. దింపిన ఇంటి యజమాని కూడా బాధ్యుడే. లోపల ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉంటే కంపు కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలీదు, ఇంకాస్త పెరిగితే రెండు మూడు ఊపిరులకే మనిషి కూలిపోతాడు. అతన్ని కాపాడదామని దిగిన రెండోవాడూ, మూడోవాడూ పోతారు. పేపర్లో ఒకే ట్యాంకులో ముగ్గురు, నలుగురు చనిపోయారని వచ్చే వార్తల వెనక ఉన్నది ఇదే.

ఈ పనిని ఆపడానికే జీవితం పెట్టిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల ఊళ్ళో పుట్టినవారు, ఆయనకి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన సంస్థ సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో ఒక్కో మరణానికి 10 లక్షల పరిహారం ఇవ్వమంది, 2023 అక్టోబరులో వేరే కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. మెషీన్లు ఉన్నాయి. హైదరాబాద్ జలమండలి సన్న గల్లీల్లోకి కూడా పోయే మినీ జెట్టింగ్ బండ్లని 2017 నుంచి వాడుతోంది. 14420కి ఫోన్ చేసి అడగండి, లేకపోతే ప్రైవేటు బండిని పిలవండి. వెయ్యి రూపాయలు మిగులుతాయని మనిషిని దింపొద్దు.

మా అపార్ట్‌మెంట్‌లో ఎస్‌టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) ఉంది కానీ కంపు. ఏం చేయాలి?

ముందు రాత్రిపూట బ్లోయర్ నడుస్తోందా చూడండి. కరెంటు బిల్లు తగ్గించమని కమిటీ చెబితే ఆపరేటరు చేసే మొదటి పని బ్లోయర్ ఆపేయడం. గాలి ఆగిన కొన్ని గంటలకే బ్యాక్టీరియాకి ఊపిరాడక ట్యాంకు కుళ్ళడం మొదలవుతుంది, పొద్దున్న మళ్ళీ వేసినా వెంటనే కోలుకోదు. మాకు తెలిసిన ఒక అపార్ట్‌మెంట్‌లో బిల్డరు ప్లాంటు అప్పజెప్పేటప్పుడు ట్యాంకులో నీళ్ళు తప్ప ఏమీ లేవు, తోడు కూడా వేయలేదు, ఆరు నెలలు మెయింటెనెన్స్ వాళ్ళు దానికి అత్తరు లాంటి మందు చల్లుతూ కూర్చున్నారు.

ల్యాబు అక్కర్లేకుండా మీరే చూడగలిగేవి ఉన్నాయి. గాలి ట్యాంకు నీరు ముదురు గోధుమ రంగులో, తడిమట్టి వాసనతో ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా ఉంటే గాలి చాలట్లేదు. మీది ఎంబీబీఆర్ కాకపోతే ఆ నీటిని లీటరు గాజు కొలజాడీలో పట్టి అరగంట కదపకుండా పెట్టండి. పావు వంతు నుంచి మూడో వంతు దాకా మడ్డి దిగి పైన తేటగా ఉంటే బాగున్నట్టే, అసలు దిగకపోయినా, జాడీ అంతా మబ్బుగా ఉన్నా ఆపరేటర్ని నిలదీయండి. ఇంకోటి, ఇళ్ళలో ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్ డబ్బాలు డబ్బాలుగా పోస్తే ప్లాంటుకి విషం పెట్టినట్టే. పండగల ముందు ఇల్లంతా కడిగే వారంలో మా దగ్గరా నురగ పొంగుతుంది.

సింక్‌లో, ఫ్లష్‌లో ఏం వేయకూడదు?

వాడిన నూనె అన్నిటికంటే ముందు. పైపులో గడ్డకట్టి వెంట్రుకలతో, వైప్స్‌తో కలిసి రాయిలా అవుతుంది. పాత మందులు, పెయింటు, ప్యాడ్లు, కండోములు, మిగిలిపోయిన అన్నం, పిల్లల డైపర్లు ఏవీ వద్దు. డబ్బా మీద ఫ్లష్ చేయొచ్చని రాసిన వైప్స్ కూడా వద్దు.

శుద్ధి చేసిన నీళ్ళు తాగొచ్చా?

మామూలు ప్లాంటు నుంచి వచ్చేది తాగడానికి కాదు. మొక్కలకి, ఫ్లష్‌కి, రోడ్లు తడపడానికి, కన్‌స్ట్రక్షన్‌కి పనికొస్తుంది. ఇంకా చాలా దశలు కలిపితే తాగొచ్చు కూడా. నమీబియాలోని విండ్‌హోక్ ఊరు 1968 నుంచి అలా తాగుతోంది, సింగపూర్‌లో 2003 నుంచి న్యూవాటర్ పేరుతో చేస్తున్నారు, ఎక్కువ భాగం ఫ్యాక్టరీలకి పోతుంది. మన పక్కన చెన్నై కొడుంగైయూర్, కోయంబేడుల్లో ఒక్కోటి 45 ఎంఎల్‌డీ ప్లాంట్లు పెట్టి 2019 నుంచి ఫ్యాక్టరీలకి అమ్ముతోంది. బెంగళూరు 2018 నుంచి తన మురుగుని శుద్ధి చేసి కోలార్ జిల్లా చెరువులకి పంపుతోంది. అక్కడి తెలుగు రైతుల్లో ఎండిన బోర్లలో నీళ్ళొచ్చాయని సంతోషించేవాళ్ళూ ఉన్నారు, ఇంకో దశ శుద్ధి చేయకుండా పంపుతున్నారని కోపంగా ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే.

మూసీ కింద పండే కూరగాయలు తినొచ్చా?

నగరం దాటాక వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా మూసీ నీటి మీద వేల ఎకరాలు సాగవుతాయి. పశువుల గడ్డి, వరి, ఆకుకూరలు. రైతుని తిట్టి లాభం లేదు, అతనికి ఏడాది పొడవునా అందే నీరు అదొక్కటే. ఆకుకూరలు పచ్చివి తినకండి, బాగా కడిగి ఉడికించండి. క్రిములు ఉడికితే చస్తాయి, లోహాలు మాత్రం చావవు, దానికి ఫ్యాక్టరీ నీటిని పైనే ఆపడం తప్ప వంటింట్లో చేయగలిగిందేం లేదు.

మురుగునీటితో జబ్బులు ముందే తెలుసుకోవచ్చట, నిజమేనా?

నిజమే, హైదరాబాద్‌లోనే జరిగింది. 2016లో అంబర్‌పేట ప్లాంటు నీటి శాంపిల్‌లో టీకా నుంచి పుట్టిన పోలియో వైరస్ కనిపిస్తే, ఒక్క బిడ్డకీ జబ్బు రాకముందే జూన్‌లో సుమారు 3 లక్షలమంది పిల్లలకి ఇంజెక్షన్లు వేశారు. 2020లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు నగరంలోని ప్లాంట్ల మురుగులో కరోనా జాడలు కొలిచి, అప్పటికి ఓ నెలరోజుల్లో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు. టెస్టుకి రానివాళ్ళు కూడా టాయిలెట్‌కి వెళ్ళక తప్పదు కదా.

వాన పడితే మా వీధి మ్యాన్‌హోలే ఎందుకు పొంగుతుంది?

వాననీటి కాలువ వేరు, డ్రైనేజీ పైపు వేరు. మీ వీధిలో ఎవరో ఒకరు, బహుశా చాలామంది, మేడ మీద వాననీటి పైపుని తీసుకొచ్చి డ్రైనేజీలో కలిపి ఉంటారు. రోడ్డు మీద నిలిచిన నీళ్ళు పోవాలని మూత ఎత్తేసేవాళ్ళు కూడా ఉంటారు, అది ఇంకా ప్రమాదం, నీటిలో గుంత కనపడక మనుషులు పడిపోయారు. ఇళ్ళ మురుగుకి సరిపడా వేసిన పైపు అన్ని నీళ్ళని మోయలేక పల్లంలో ఉన్నవాళ్ళ బాత్‌రూముల్లోంచి తన్నుకొస్తుంది. వాననీటి పైపుని విడదీసి ఇంకుడు గుంతకి మళ్ళించండి. అయినా పొంగుతుంటే హైదరాబాద్‌లోనైతే జలమండలి 155313కి ఫోన్ చేసి, కంప్లైంట్ నంబరు రాసుకోండి.